ఎవరి సొమ్ము, ఎవరి వడ్డీ

2025 జనవరి 6, సోమవారం. హైదరాబాద్

ఇయర్ ఎండ్ పని మొదలైంది. ఇక మార్చి 1 దాకా మా ఫ్లోరులో నడిచేది అమెరికా టైమే. మేం చూసేది అక్కడి ఒక జీవిత బీమా కంపెనీ లెక్కలు. అందులో నా టీముకు వచ్చినవి వేరియబుల్ లైఫ్ పాలసీలు. అంటే కట్టిన ప్రీమియంలో ఖర్చులు పోగా మిగిలింది పాలసీదారు ఎంచుకున్న ఫండ్లలోకి వెళ్లే పాలసీలు.

2024లో ఎస్ అండ్ పి 500 సూచీ 23 శాతం పెరిగింది. షేర్ల ఫండ్లు ఎంచుకున్న పాలసీదారుల ఖాతాలు దాంతోపాటే ఉబ్బాయి. ఖాతాలు ఉబ్బాయంటే కంపెనీ వాళ్లకు చెల్లించాల్సిన బాకీ కూడా పెరిగినట్టే. టీములో కొత్తగా చేరిన అమ్మాయి ఆ తేడాల షీటు పట్టుకుని నా సీటు దగ్గరికొచ్చింది. బ్యాంకుల ఆడిట్ చేసి వచ్చిన పిల్ల.

"మేడమ్, ఏడాదిలో బాకీ ఇంత పెరిగింది. ప్రీమియం వల్ల వచ్చింది తీసేస్తే మిగిలిందంతా వడ్డీయే కదా? డిపాజిట్ల మీద వడ్డీ వేసినట్టు ఖర్చులో వేసేద్దామా?"

మంచి ప్రశ్న. ఈ వ్యాపారం మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది. బ్యాంకు డిపాజిటు తీసుకున్న రోజే ఇంత శాతం ఇస్తానని మాట ఇస్తుంది. తర్వాత తన పెట్టుబడి మునిగినా తేలినా ఆ వడ్డీ ఇచ్చి తీరాలి. అందుకే అది బ్యాంకుకు ఖర్చు. వేరియబుల్ పాలసీలో కంపెనీ అలాంటి మాటేదీ ఇవ్వలేదు. ఫండుకు ఎంతొస్తే అంత పాలసీదారుది, ఎంత పోతే అంతా ఆయనదే. ఆ ఆస్తులు కంపెనీ జనరల్ అకౌంటులో కలవవు. సెపరేట్ అకౌంటులో విడిగా ఉంటాయి. వార్షిక స్టేట్‌మెంటు కూడా దానికి విడిగానే ఉంటుంది. కంపెనీది నీలం అట్ట, సెపరేట్ అకౌంటుది ఆకుపచ్చ అట్ట.

అక్కడి అకౌంటింగ్ సూత్రాలైన గాప్ నిబంధనల్లో దీనికి నాలుగు షరతులున్నాయి. ఆ ఖాతాకు చట్టపరమైన గుర్తింపు ఉండాలి. కంపెనీ అప్పులవాళ్లు దాని జోలికి రాకుండా చట్టం అడ్డు ఉండాలి. పెట్టుబడి పాలసీదారు చెప్పినట్టో, ముందే రాసుకున్న లక్ష్యం ప్రకారమో జరగాలి. ఫలితమంతా పాలసీదారుకే చేరాలి. నాలుగూ కుదిరితే ఆస్తులు ఒక వరుసలో, బాకీ ఒక వరుసలో, రెండూ మార్కెట్ విలువకే వేసి ఊరుకుంటారు. ఆ లాభనష్టాలు కంపెనీ ఆదాయ పట్టికలోకి అడుగుపెట్టవు.

"అయితే వడ్డీ ఖర్చు సున్నానా?" అంది.

ఈ ఖాతా మటుకు సున్నా అన్నాను. వడ్డీ ఉండే మూలలు వేరే ఉన్నాయి, వాటికి తర్వాత వద్దాం అన్నాను.


జనవరి 8, బుధవారం

ఆ అమ్మాయికి మాటలతో తృప్తి లేదు. అంకెలు కావాలంది. నాకూ అలాంటివాళ్లే ఇష్టం. పన్ను లెక్క వేసి చూపించాను, ఎందుకంటే చట్టం ఈ సంగతిని అన్నిటికంటే శుభ్రంగా తేల్చింది అక్కడే.

ఏడాది మొదట్లో ఒక ఖాతాలో 1,00,000 డాలర్లు ఉన్నాయనుకుందాం. కొత్త ప్రీమియం ఏమీ రాలేదు. డివిడెండ్లు 2,000 వచ్చాయి. షేర్ల విలువ 18,000 పెరిగింది, అమ్మింది లేదు. కంపెనీ తన ఫీజు 1,200 పట్టుకుంది. ఏడాది చివర ఖాతా 1,18,800. అంటే పాలసీదారు బాకీకి పెట్టే రిజర్వు పెరిగింది 18,800.

బీమా కంపెనీకి రిజర్వు పెంపు మామూలుగా పన్ను మినహాయింపే. ఇక్కడ 18,800 మొత్తం మినహాయించుకుంటే అన్యాయం. 18,000 పెరుగుదల ఆదాయంగా ఇంకా చూపించనే లేదు, దాని తాలూకు బాకీని మాత్రం ముందే ఖర్చు రాసుకున్నట్టవుతుంది. అందుకే అమెరికా పన్ను చట్టం సెక్షన్ 817(ఎ), విలువ పెరగడం వల్ల రిజర్వులో చేరిన మొత్తాన్ని లెక్కలోంచి తీసేయమంటుంది. విలువ పడిపోతే ఆ మేరకు తిరిగి కలపమంటుంది. 817(బి) దానికి జోడీ. ఆ 18,000ను షేర్ల కొనుగోలు ఖరీదుకు కలపమంటుంది. రేపు ఆ షేర్లు అమ్మినా ఆ లాభం మీద కంపెనీకి పన్ను పడదు.

ఇప్పుడు మిగిలిన లెక్క చూడమన్నాను. ఆదాయం: డివిడెండ్లు 2,000. మినహాయింపు: 18,800లోంచి 18,000 పోగా 800. తేడా 1,200.

ఆ అమ్మాయి పెన్ను ఆపి, "ఫీజు!" అంది.

అవును, ఫీజు. మార్కెట్ ఎంత ఎగిరినా ఈ ఖాతాలో కంపెనీ సొంత ఆదాయం తాను పట్టుకున్న 1,200 మాత్రమే. చట్టం నాలుగు మెలికలు తిరిగి చివరికి వచ్చి ఆగింది అక్కడే. ఈ లెక్క కుదిరినప్పుడల్లా నాకు ఆ సెక్షను రాసినవాళ్ల మీద గౌరవం పెరుగుతుంది.


జనవరి 15, బుధవారం. కనుమ, తెనాలి

పండక్కి వచ్చినా బీమా వదల్లేదు. గారెలు తింటుండగా బాబాయి ఒక ఫైలు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. ఆరేళ్ల కిందట తీసుకున్న యూలిప్ పాలసీ.

"ఎనిమిది శాతం వడ్డీ అన్నాడమ్మా ఆ కుర్రాడు. ఎన్నిసార్లు వేసినా లెక్క కలవట్లా. నువ్వు చూసేది ఇదేగా, చెప్పు."

కాగితాలు తిరగేశాను. బెనిఫిట్ ఇలస్ట్రేషన్‌లో రెండు వరుసలు. ఒకటి 4 శాతం చొప్పున, ఇంకొకటి 8 శాతం చొప్పున. మన దగ్గర నిబంధన ప్రకారం ఆ రెండు రేట్లతోనే చూపించాలి. అవి గ్యారంటీ కాదనీ, గరిష్ఠం కనిష్ఠం కూడా కావనీ కింద రాసి ఉంది. పెట్టుబడి నష్టభయం పాలసీదారుదేనన్న వాక్యమూ ఉంది. బాబాయి చేత రెండూ చదివించాను.

"అయితే ఇది వడ్డీ కాదా?"

"కాదు బాబాయ్. మీ డబ్బుతో యూనిట్లు కొన్నారు. మార్కెట్లో వాటికెంతొస్తే అంత. ఎనిమిది అనేది బొమ్మ గీసి చూపించడానికి పెట్టిన అంకె. ఇస్తామని ఎవరూ రాసివ్వలేదు."

కాసేపు మాట్లాడలేదు. "ఇంతకాలం ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిదనుకుంటున్నా" అన్నాడు. ఆయన ముప్ఫై ఏళ్లు ధాన్యం వ్యాపారం చేసిన మనిషి. ధరల్లో ఆటుపోట్లు ఆయనకు కొత్తవి కావు. నష్టం తనదని ముందే తెలిస్తే దానికి తగ్గట్టు నిర్ణయం తీసుకునేవాడు. ఆ అవకాశమే ఆయనకు దొరకలేదు. నాకు కోపమొచ్చింది అందుకే.

మన దేశానికి యూలిప్ కొత్తదేమీ కాదు. యూనిట్ ట్రస్ట్ 1971లోనే ఆ పేరుతో పథకం తెచ్చింది. ఇక్కడి కంపెనీల బ్యాలెన్స్ షీటులో కూడా లింక్డ్ బాకీలు విడిగా, వాటికి ఎదురుగా పెట్టిన ఆస్తులు షెడ్యూలు 8ఎలో విడిగా ఉంటాయి. పుస్తకాలు నిజమే చెబుతున్నాయి. ఆ నిజం పుస్తకాల్లోంచి బాబాయి దాకా రావాలి.


జనవరి 28, మంగళవారం

ఇవాళ వడ్డీ ఉన్న మూలల దగ్గరికి వచ్చాం.

మొదటిది ఫిక్స్‌డ్ అకౌంట్. వేరియబుల్ పాలసీలో కూడా చాలా కంపెనీలు ఫండ్ల పక్కన ఈ ఎంపిక ఇస్తాయి. ఇందులో పెట్టిన సొమ్ము కంపెనీ జనరల్ అకౌంటులో కలుస్తుంది. ఇంత శాతానికి తగ్గకుండా ఇస్తామని పాలసీలోనే రాసి ఉంటుంది. కంపెనీ కొన్న బాండ్లు ఎంత సంపాదించినా, ఎన్ని మునిగినా ఆ రేటు ఇవ్వాల్సిందే. ఇది అచ్చమైన వడ్డీ ఖర్చు.

రెండోది పాలసీ లోను. ఇది చాలామందికి అర్థం కాదు. పాలసీదారు 50,000 డాలర్లు లోను తీసుకుంటే అంత మొత్తాన్ని ఫండ్లలోంచి తీసి, హామీగా జనరల్ అకౌంటులోకి మారుస్తారు. లోను మీద కంపెనీ 4 శాతం తీసుకుని, హామీ సొమ్ముకు 3 శాతం జమ చేస్తుందనుకుందాం. పాలసీదారు 2,000 కడతాడు, ఆయనకు 1,500 జమ అవుతుంది. ఆ 1,500 కంపెనీకి వడ్డీ ఖర్చు. పాలసీదారుకు కనిపించే ఖరీదు ఒక్క శాతమే, అంటే 500. కానీ 2024 లాంటి ఏడాదిలో ఆ 50,000 షేర్ల ఫండులోనే ఉండి ఉంటే వచ్చేదానితో పోలిస్తే 3 శాతం ఏ మూలకు? మార్కెట్ పడిన ఏడాది అదే లోను ఆయన్ని కాపాడుతుంది. సొమ్ము తెల్లారేసరికి ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాకు మారింది. దానితోపాటే నష్టభయం కూడా చేయి మారింది.

మూడోది గ్యారంటీ. ఖాతా ఖాళీ అయినా, షరతుల ప్రకారం ప్రీమియం కట్టినంతకాలం మరణ పరిహారం ఇస్తామని కొన్ని పాలసీలు హామీ ఇస్తాయి. ఆ హామీకి పెట్టే రిజర్వు ఆకుపచ్చ అట్టలో ఉండదు, జనరల్ అకౌంటులో ఉంటుంది. దాని మీద లెక్కగట్టే వడ్డీ కంపెనీ బరువే.

ఆ అమ్మాయి మూడు కాలమ్‌లు గీసి, ప్రతి అంకెనూ "ఎవరి రిస్క్?" అన్న వరుసతో విడగొట్టింది. ఆ షీటే ఈ ఏడాది మా టీము మొత్తానికి నమూనా.


ఫిబ్రవరి 11, మంగళవారం

రాత్రి కాల్ రద్దయింది. పాత నోట్సు తిరగేశాను.

మార్కెట్‌తో కలిసి కదిలే యాన్యుటీని అమెరికాలో మొదట తెచ్చింది ఉపాధ్యాయుల పింఛను సంస్థ క్రెఫ్, 1952లో. దాన్ని చూసి బీమా కంపెనీలు దిగాయి. ఇది బీమానా, షేర్ల లాంటి సెక్యూరిటీనా అన్న తగువు సుప్రీంకోర్టుకెక్కింది. 1959లో వేరియబుల్ యాన్యుటీ లైఫ్ కంపెనీ కేసులో జస్టిస్ డగ్లస్ తీర్పు రాశారు. ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు. పెట్టుబడి నష్టభయాన్ని పూర్తిగా కొనుగోలుదారు మీదే వదిలేసి కంపెనీ ఏదీ మోయకపోతే దాన్ని బీమా అనలేం, సెక్యూరిటీల చట్టం వర్తిస్తుంది అన్నది దాని సారాంశం. ఈ రంగంలో ఆ తర్వాత వచ్చిన ప్రతి నిబంధనా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

వేరియబుల్ లైఫ్ పాలసీ 1976లో ఈక్విటబుల్ కంపెనీతో అక్కడ మొదలైంది. ఆ తొలితరం పాలసీల్లో ఒక ఊహిత రేటు ఉండేది, 4 శాతం అనుకుందాం. ఫండు అంతకంటే ఎక్కువ సంపాదిస్తే మరణ పరిహారం పెరుగుతుంది, తక్కువైతే తగ్గుతుంది. ఎంత తగ్గినా మొదట రాసిన మొత్తానికి దిగువకు పోదు. ఆ 4 శాతాన్ని చూసి కంపెనీ ఇచ్చే వడ్డీ అనుకున్నవాళ్లు అప్పుడూ ఉండేవుంటారు. అది కొలబద్ద మాత్రమే. సరెండర్ విలువ మీద 4 శాతం ఇస్తామని ఎవరూ అనలేదు. కంపెనీ నిజంగా మోసింది ఆ కనీస పరిహారం బరువు.


ఫిబ్రవరి 28, శుక్రవారం

స్టేట్‌మెంట్లు వెళ్లిపోయాయి. రేపు గడువు.

సెపరేట్ అకౌంటుకు ఇంత కట్టుదిట్టం ఎందుకని పైనుంచి దిగేటప్పుడు లిఫ్టులో ఒకరు విసుక్కున్నారు. 1991 ఏప్రిల్‌లో కాలిఫోర్నియా బీమా కమిషనరు ఎగ్జిక్యూటివ్ లైఫ్ కంపెనీని స్వాధీనం చేసుకోవాల్సి వచ్చింది. జంక్ బాండ్లతో నిండిన జనరల్ అకౌంటు కుప్పకూలింది. పెద్ద వడ్డీ ఇస్తామన్న మాట నమ్మినవాళ్లు ఏళ్ల తరబడి తిరగాల్సి వచ్చింది. జనరల్ అకౌంటులో ఇచ్చిన మాట కంపెనీ నిలబడినంతవరకే గట్టి. న్యూయార్క్ బీమా చట్టం సెక్షన్ 4240 లాంటివి సెపరేట్ అకౌంటు ఆస్తులను కంపెనీ ఇతర బాకీల నుంచి తప్పించేది ఇందుకే.

అంటే వేరియబుల్ పాలసీదారు మార్కెట్ భయం మోస్తాడు, కంపెనీ దివాలా భయం నుంచి చాలావరకు తప్పుకుంటాడు. ఫిక్స్‌డ్ అకౌంటు ఎంచుకున్నవాడిది సరిగ్గా దీనికి ఎదురు. రెండిట్లో ఏది మంచిదన్నది మనిషిని బట్టి, వయసును బట్టి ఉంటుంది. తాను ఏ భయం మోస్తున్నాడో తెలియకుండా మోయడం మాత్రం ఎవరికీ మంచిది కాదు.


మార్చి 18, మంగళవారం

పన్ను రిటర్ను పని. ఇవాళంతా సెక్షన్ 812.

జనవరిలో వేసిన లెక్కలో ఒక ముడి వదిలేశాను. అక్కడ ఒక కంపెనీకి ఇంకో కంపెనీ నుంచి డివిడెండు వస్తే అందులో కొంత మినహాయింపు ఉంటుంది, ఒకే లాభం మీద మళ్లీ మళ్లీ పన్ను పడకుండా. మన ఖాతాకు వచ్చిన 2,000 డివిడెండుకీ ఆ మినహాయింపు వర్తిస్తుందా? ఆ సొమ్ము ఎలాగూ పాలసీదారు రిజర్వులోకి పోయి ఒకసారి మినహాయింపు పొందింది. మళ్లీ పూర్తిగా ఇస్తే ఒకే డాలరుకు రెండుసార్లు మేలు జరుగుతుంది. అందుకని సెక్షన్ 812 డివిడెండును కంపెనీ వాటా, పాలసీదారుల వాటా అని చీలుస్తుంది. కంపెనీ వాటాకే మినహాయింపు.

చీల్చడమెలా? పాత సూత్రంలో అంతా వడ్డీ మీదే ఆధారపడింది. రిజర్వుల మీద కంపెనీ కట్టాల్సిన వడ్డీ ఎంతో తేల్చి, పెట్టుబడి ఆదాయంలోంచి అది తీసేస్తే మిగిలింది కంపెనీ వాటా. వడ్డీ ఎక్కువగా లెక్కిస్తే కంపెనీ వాటా కరిగిపోతుంది. మరి వడ్డీ మాటే ఇవ్వని సెపరేట్ అకౌంటుకు ఏ రేటు వేయాలి? 2007 ఆగస్టులో పన్నుల శాఖ ఒక రూలింగు ఇచ్చింది. కంపెనీలు గగ్గోలు పెట్టాయి. సెప్టెంబరు కల్లా దాన్ని పక్కన పెట్టేసింది. తగువు ఏళ్లపాటు సాగింది.

2017 డిసెంబరు పన్ను సంస్కరణ ఆ సూత్రాన్నే తీసేసింది. 2018 నుంచి కంపెనీ వాటా 70 శాతం, పాలసీదారులది 30. అదే చట్టం డివిడెండు మినహాయింపును మామూలు వాటాదారులకు 70 నుంచి 50 శాతానికి తగ్గించింది, కంపెనీల పన్నును 35 నుంచి 21 శాతానికి దించింది. మన ఖాతాలో లెక్క: 2,000లో 70 శాతం 1,400, అందులో సగం 700. పన్ను పడే ఆదాయం 1,200 నుంచి 500కు దిగింది.

తగువు తీరినందుకు సంతోషమే. కానీ నా మనసుకు ఇది పూర్తిగా న్యాయమనిపించదు. డివిడెండు అందుకున్నది పాలసీదారు, మార్కెట్ భయం మోసింది పాలసీదారు. మినహాయింపులో పెద్ద వాటా కంపెనీకి వచ్చింది. ఆ మేలు తక్కువ ఫీజుల రూపంలో పాలసీదారుకు చేరుతుందని కంపెనీలు అంటాయి. అది ఫీజుల పట్టికలో కనిపించాలి.

అదే సంస్కరణ ఇంకోచోట గీత సరిగ్గా గీసింది. పన్ను లెక్కకు మామూలు రిజర్వుల్లో 92.81 శాతమే ఒప్పుకుంటారు. వేరియబుల్ పాలసీల్లో సెపరేట్ అకౌంటు భాగాన్ని మాత్రం పూర్తిగా ఒప్పుకుని, దానిపైన ఉన్నదానికే ఆ కోత వేస్తారు. పాలసీదారు సొమ్ముకు అంచనా అక్కర్లేదు, ఖాతాలో ఎంతుందో అంతే.


ఏప్రిల్ 5, శనివారం

రెండు రోజులుగా అమెరికా మార్కెట్ కూలుతోంది. 2వ తేదీన అక్కడి ప్రభుత్వం కొత్త సుంకాలు ప్రకటించాక గురువారం ఎస్ అండ్ పి 500 దాదాపు 4.8 శాతం, నిన్న దాదాపు 6 శాతం పడింది. రెండు రోజుల్లో పదో వంతుకు పైగా పోయింది.

తెల్లవారుజామున ఆ అమ్మాయే మెసేజ్ పెట్టింది. "ఆస్తులు, బాకీ రెండూ సమానంగా తగ్గాయి మేడమ్. మన ఆదాయ పట్టికలో ఏమీ లేదు. ఫీజులు తగ్గుతాయి, గ్యారంటీ రిజర్వు పెరుగుతుంది. అంతే."

లెక్కగా అక్షరాలా సరి. ఆ "అంతే" అన్నచోట ఆగిపోయాను. మన పట్టికలో ఏమీ లేదంటే నష్టం లేదని కాదు, అది వేరేవాళ్ల ఇంట్లో పడిందని. అక్కడెక్కడో రిటైరైన ఒక మనిషి ఇవాళ తన పాలసీ విలువ చూసుకుని ఉంటాడు. ఫిక్స్‌డ్ అకౌంటులో ఉన్నవాడికి రేటు చెక్కుచెదరలేదు, ఆ భారం కంపెనీది. రెండు రకాల సొమ్ముకీ తేడా తెలియాలంటే ఇలాంటి రోజే చూడాలి. ఆ అమ్మాయికి ఫోన్ చేసి ఇదే చెప్పాను. శ్రద్ధగా విన్నది.


ఏప్రిల్ 14, సోమవారం

రేపు పన్ను రిటర్ను, అంటే 1120-ఎల్ ఫారం గడువు. మా వైపు పని అయిపోయింది. 9వ తేదీన మార్కెట్ ఒక్కరోజే 9.5 శాతం లేచింది. బాకీ మళ్లీ పెరిగింది, మా పట్టిక మళ్లీ కదల్లేదు.

సాయంత్రం నానక్‌రాంగూడలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ భవనం మీదుగా ఇంటికొస్తూ బాబాయి సంగతే ఆలోచించాను. అమెరికాలో ఇలస్ట్రేషన్ చూపించేటప్పుడు 12 శాతానికి మించి ఊహించకూడదు, సున్నా శాతం వస్తే ఏమవుతుందో కూడా తప్పకుండా చూపించాలి. మన దగ్గర 4, 8 మాత్రమే. ఆ సున్నా వరుస మనకూ కావాలి. అది ఉంటే తెనాలిలో ఆ కాగితం చూసిన ఏ మనిషీ దాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్ అనుకోడు.

ఎవరు సలహా అడిగినా ఇకనుంచి ఇదే చెబుతాను. పాలసీ కాగితంలో శాతం గుర్తు కనిపిస్తే సంతకానికి ముందే అడగండి: ఈ శాతం రాకపోతే ఎవరి జేబులోంచి పెట్టాలి? కంపెనీ జేబులోంచి అని రాసి ఉంటే అది వడ్డీ. మీ జేబులోంచి అయితే అది మీ పెట్టుబడి, దాని మంచిచెడ్డలు మీవే. ఆ జవాబు నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా తీసుకోండి.